శుభలేఖకు సొగసు ఒక్కటే చాలదు
ఉచితంగా దొరికే అలంకార అక్షరాలు - ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి

శ్రావణమాసం దగ్గరపడిందంటే భీమవరం, నరసాపురం, పాలకొల్లు, తణుకు పట్టణాలలోని ప్రెస్సులకు తీరిక ఉండదు. నాలుగు మూలలా పసుపు రాసిన ముహూర్తం కాగితం చేత పట్టుకుని పల్లెల నుంచి పెళ్లివారు బస్సులు దిగుతారు. బల్ల మీది నమూనా కార్డులు తిరగేస్తారు. రంగు, వినాయకుడి బొమ్మ, అట్ట మందం కుదిరిన తరువాత అడిగే మాట దాదాపు ఒక్కటే. "అక్షరాలు మాత్రం బాపు గారి రాతలా వంపు తిరిగి ఉండాలండీ!" కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు "ఆయ్, అలాగేనండీ" అంటాడు. రెండు నిమిషాలలో కార్డు పైనుంచి కింది దాకా మెలికలు తిరిగిన అక్షరాలతో నిండిపోతుంది. చూసినవారు మురిసిపోతారు.

ఆ శుభలేఖ బంధువుల ఇంటికి చేరిన తరువాత కథ వేరు. బామ్మగారు కళ్లజోడు సవరించుకుని చూస్తారు. పైన ఉన్నది శుభలేఖ అని తెలుస్తుంది. పెళ్లికూతురి పేరు పద్మో, పద్మజో తేలదు. ముహూర్తం ఒంటిగంటకో, ఏడు గంటలకో అంతుపట్టదు. చివరకు మనవడి చేత ఫోను చేయించి కనుక్కోవలసి వస్తుంది. పిలుపు కోసం వేసిన కార్డు పిలవడం మానేసి అలంకారంగా మిగిలిపోతుంది.

తప్పు అక్షరానిది కాదు, దానిని వాడిన చోటుది. ఈనాడు మంచి తెలుగు అలంకార ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఖర్చు లేదు కనుక హద్దు కూడా లేకుండా పోయింది.

సీసపు అక్షరాల నాడు

ఒకప్పుడు ఈ హద్దును ఖర్చే నిర్ణయించేది. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోత పోసిన టైపు గళ్ల పెట్టెలలో ఉండేది. కంపోజిటరు నిలబడి ఒక్కొక్క అక్షరాన్నీ ఏరి వరుసగా పేర్చేవాడు. దీర్ఘాలు, ఒత్తులు వెతికి పట్టుకోవడానికే ఏళ్ల తరబడి అలవాటు కావలసి వచ్చేది. చిన్న ఊరి ప్రెస్సులో ఉండే అక్షరాల రకాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

అలంకారంగా కావాలంటే చిత్రకారుని చేత కాగితం మీద రాయించి, పట్నం పంపి, జింకు బ్లాకు చేయించాలి. ఆ ఖర్చు భరించి శుభలేఖ అంతటినీ అలా వేయించేవారు లేరు. 'శుభలేఖ' అనే మాటకో, 'కల్యాణ మహోత్సవం' అనే తలకట్టుకో మాత్రమే బ్లాకు. మిగిలినదంతా సాదా టైపు. డబ్బు మిగుల్చుకోవడానికి చేసిన ఆ పని చదివేవారికి మేలు చేసింది. పైన కన్ను ఆగేది, కింద చదువు సాఫీగా సాగేది.

ప్రెస్సులలోకి కంప్యూటర్లు వచ్చాక కంపోజింగు కర్ర, జింకు బ్లాకు మూలపడ్డాయి. ఇప్పుడు సాదా అక్షరానికీ, వంపుల అక్షరానికీ ఖర్చు ఒక్కటే. అందుకే కుర్రవాడు మీట నొక్కితే చాలు, పాఠమంతా అలంకారమైపోతున్నది.

బాపు పుట్టిన గడ్డ

అందమైన చేతిరాత మీద ఈ జిల్లావారికి మక్కువ ఎక్కువ అంటే ఆశ్చర్యం లేదు. బాపుగా అందరూ ఎరిగిన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న నరసాపురంలో జన్మించారు. 2014 ఆగస్టు 31న కన్నుమూసే నాటికి ఆయన గీసిన బొమ్మ ఎంతగా ఇళ్లలోకి వెళ్లిందో, బొమ్మ కింద రాసిన అక్షరం కూడా అంతగానే వెళ్లింది. ఆయన చేతిరాత పోలికలో ఫాంట్లు వచ్చాయి. శుభలేఖ మీద, పుస్తకం అట్ట మీద, దుకాణం బోర్డు మీద ఆ ఒరవడి కనిపిస్తూనే ఉంటుంది.

అయితే ఒక సంగతి గమనించాలి. చేతితో రాసే మనిషి ప్రతి మాటకూ అక్షరాన్ని సర్దుకుంటాడు. పక్క అక్షరానికి చోటు చాలకపోతే కొమ్ము తగ్గిస్తాడు. కింది వరుసలో గుడి ఉంటే పై వరుసలోని ఒత్తును కాస్త పక్కకు జరుపుతాడు. ఫాంటుకు ఆ వివేకం తక్కువ. ఒకసారి గీసి పెట్టిన రూపాన్నే ప్రతిచోటా దించుతుంది. చేతిరాతలోని సొగసు ఫాంటులో నిలవాలంటే ఆ సర్దుబాటు వాడే మనిషి చేయాలి.

కవుల పేర్లతో ఫాంట్లు

ఉచిత తెలుగు ఫాంట్లలో ఎక్కువమంది ఎరిగిన వరుస సిలికానాంధ్ర సంస్థ అందించినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువారి సంస్థ ఇది. 2010 తరువాతి కొద్ది సంవత్సరాలలో ఈ ఫాంట్లు వెలువడ్డాయి. వీటిలో చాలావాటిని రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ అని రాయల ఆస్థాన కవుల పేర్లు కొన్నింటికి పెట్టారు. శ్రీకృష్ణదేవరాయ పేరుతో ఒకటి, వాడుక భాష కోసం పాటుపడిన గిడుగు, గురజాడల పేర్లతో మరి రెండు ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్ భాండాగారంలో ఇవన్నీ దొరుకుతున్నాయి.

పేరు ఏదైనా ఒక్కొక్కదాని పని ఒక్కొక్కటి. లక్కిరెడ్డి చేతిరాత పోలికలో ఉంటుంది. ఆహ్వానాలకు, తలకట్లకు పనికివస్తుంది. రామభద్ర బాగా లావు. దూరం నుంచి కనబడవలసిన శీర్షికలకు తగినది. మండలి సాదా అక్షరం. పత్రికలలో వార్తా పాఠానికి కూడా సరిపోయేలా చేసినది. నోటో వరుసలోని తెలుగు ఫాంట్లు కూడా ఉచితమే, పాఠానికి నప్పేవే. కొత్తగా పని నేర్చుకునే కుర్రవాడికి ఇంత తెలిస్తే చాలు. తలకట్టుకు లక్కిరెడ్డి, లోపలి సంగతులకు మండలి అనుకుంటే సగం పని అయినట్లే.

ఉచితం అంటే ఏమిటి?

ఇంగ్లీషుకు చిన్న బడి, పెద్ద బడి కలిపి 52 అక్షరాలు గీస్తే ప్రాథమికంగా పని నడుస్తుంది. తెలుగు అలా కాదు. క్ష, ఱ కలిపి 36 హల్లులకు గుణింతం పన్నెండేసి రూపాలు లెక్కవేస్తే 432. ఆ పైన అచ్చులు, ఒత్తులు, ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట్లు ఉన్నాయి. ఇన్నింటినీ గీసి, ఏది ఎక్కడ కూర్చోవాలో కంప్యూటరుకు నేర్పితే గాని తెలుగు ఫాంటు తయారు కాదు. అలా శ్రమపడినవారు కొందరు తమ పనిని ఉచితంగా వదిలిపెట్టారు. ఆ వదిలిపెట్టడానికి షరతులు ఉన్నాయి.

పైన చెప్పిన ఫాంట్లు 'ఓపెన్ ఫాంట్ లైసెన్సు' కింద వచ్చినవి. ఎస్‌ఐఎల్ అనే సంస్థ రాసిన ఈ ఒప్పందం ఇప్పటి రూపం 2007 ఫిబ్రవరి నాటిది. దాని సారం ఇది. ఎవరైనా వాడుకోవచ్చు. వాడి అచ్చువేసిన కార్డును అమ్ముకోవచ్చు. ఫాంటును మరొకరికి ఇవ్వవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రం ఒంటిగా సరుకులా అమ్మరాదు. మార్చిన ఫాంటును పంచితే అదే ఒప్పందం కింద పంచాలి. కర్త ఒక పేరును తనకే అట్టిపెట్టుకున్నట్లు చెప్పి ఉంటే, మార్చిన దానికి ఆ పేరు పెట్టరాదు.

ఉచితం అని రాసి ఉన్నవన్నీ ఈ కోవలోకి రావు. కొన్నిటిలో 'సొంత వాడకానికి మాత్రమే' అని ఉంటుంది. ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజు కాగితానికి అది చెల్లుతుంది. డబ్బు తీసుకుని కార్డులు వేసే ప్రెస్సుకు చెల్లదు. పెన్‌డ్రైవులో చేతులు మారుతూ వచ్చిన ఫాంటు ఎవరిదో, ఏ షరతు మీద ఇచ్చారో తెలియదు. బాపు పేరు తగిలించి ఉన్నదల్లా ఉచితమే అనుకోవడం కూడా పొరపాటు. ఫాంటుతో పాటు వచ్చే ఒప్పందం కాగితాన్ని ప్రెస్సువారు ఒకసారి చదివి, ఆ ఫాంటు పక్కనే దాచి ఉంచుకోవడం మేలు.

అంచుకు లేసు అందం

నరసాపురం పరిసరాలలో లేసు అల్లిక తెలియని ఇల్లు తక్కువ. చేతి రుమాలుకు, బల్లగుడ్డకు అంచున లేసు కుడితే ఆ గుడ్డకే వన్నె వస్తుంది. అలాగని చీరంతా లేసుతోనే అల్లి కట్టుకోమంటే ఎవరూ కట్టుకోలేరు. అలంకార అక్షరం కూడా అంతే. అది అంచుకు అందం.

శుభలేఖలో అలంకారానికి తగిన చోట్లు మూడే. 'శుభలేఖ' అనే తలకట్టు, వధువు పేరు, వరుడి పేరు. మొదటిది ఎలా ఉన్నా జనం పోల్చుకుంటారు. పేర్ల విషయంలో మాత్రం చదవగలిగితేనే అలంకారం. తల్లిదండ్రుల పేర్లు, తిథి వార నక్షత్రాలు, వేళ, వేదిక, విందు, ఊరికి వచ్చే దారి, ఇవన్నీ సాదా అక్షరంలో ఉండాలి.

ఒక కార్డులో రెండు రకాల అక్షరాలు చాలు. మూడోది చేరితే సంత అవుతుంది. పాఠం 12 పాయింట్లకు తగ్గకుండా ఉంటే పెద్దవారికి సుఖం. తెలుగులో గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. అందుచేత వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి. ఎడం చాలనప్పుడు పై వరుస ఒత్తు కింది వరుస అక్షరానికి తగులుకుని కొత్త గుణింతం పుట్టిస్తుంది.

మరో మూడు అలవాట్లు మానుకోవాలి. చోటు సరిపోవడం లేదని అక్షరాన్ని పక్కలకు నొక్కడం మొదటిది. సన్నని అక్షరానికి బలవంతాన లావు తెప్పించడం రెండవది. లావు ఎక్కువైతే 'థ' లోపలి చుక్క పూడిపోతుంది, 'ద', 'ధ' ఒకటే అయిపోతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచడం మూడవది. అలా చేసినప్పుడు ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్క అక్షరం కిందికి చేరుతుంది. ఎర్ర అట్ట మీద బంగారు రంగు అచ్చు మెరిసేది తలకట్టు వరకే. సన్నని పాఠం ఆ మెరుపులో కనబడదు.

ఒత్తులు ఊడిపోయిన చోట

ఉచిత ఫాంటు బాగానే ఉన్నా అచ్చులో ఒత్తులు ఊడిపోవడం తరచు కనిపించే బెడద. దీనికి కారణం తెలుసుకోవడం అవసరం. డి.టి.పి. కేంద్రాలలో ఏళ్లుగా వాడుతున్న అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. కొత్త ఉచిత ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి. పాత పద్ధతిలో టైపు చేసిన పాఠానికి కొత్త ఫాంటు తగిలిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ముందు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిన తరువాత మళ్లీ అక్షరం అక్షరం చదువుకోవాలి.

పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలుగును కూర్చడం చేతకాదు. ఇన్‌డిజైన్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోకపోతే ఒత్తులు చెదురుతాయి. ఇంక్‌స్కేప్, లిబ్రాఫీస్ ఉచిత సాఫ్ట్‌వేర్లు, తెలుగు సరిగా కూర్చుతాయి. పని ముగిశాక అక్షరాలను గీతలుగా మార్చి గాని, ఫాంటును పొదిగిన పీడీఎఫ్‌గా గాని అచ్చుకు పంపాలి. లేకపోతే ఆఫ్‌సెట్ ప్రెస్సులోని కంప్యూటరులో ఆ ఫాంటు లేనప్పుడు మరేదో దూరి కూర్చుంటుంది.

కొత్త ఫాంటు దొరికినప్పుడు 'అ, ఆ'లు చూసి సంతోషించరాదు. కొన్ని కష్టమైన మాటలు టైపు చేసి చూడాలి. లక్ష్మి, జ్యేష్ఠ, కనిష్ఠ, జ్యోత్స్న, కృష్ణ, వెంకటేశ్వర్లు, విఘ్నేశ్వర, హృదయపూర్వక, తాంబూలం. ఊరి పేర్లు కూడా వేసి చూడాలి. పెనుమంట్ర అన్నప్పుడు 'ట' కింద రవత్తు కూర్చున్నదా? మొగల్తూరు అన్నప్పుడు 'ల' కింద తవత్తుతో పాటు దీర్ఘం సరిగా పడిందా? ఇవి నిలబడితే ఆ ఫాంటు పెళ్లికి పనికివచ్చినట్లే.

నేటి పేర్లతో ఇంకొక చిక్కు ఉంది. 'రాజ్‌కుమార్' అని టైపు చేస్తే కొన్నిసార్లు 'జ' కింద కవత్తు వచ్చి 'రాజ్కుమార్' అయిపోతుంది. 'జ్' తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి వేస్తే పేరు విడిగా నిలుస్తుంది. ఆ మీట ఎక్కడ ఉందో టైపు చేసేవారు తెలుసుకుని ఉండాలి. ఒకరి పేరును వంకరగా అచ్చువేసే హక్కు ఏ ఫాంటుకూ లేదు.

ముహూర్తం అంకెలలో ఉంది

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది అంకెల దగ్గర. వంపుల ఫాంటులో 1కి తోక వస్తే 7 అవుతుంది. 3 మూతులు కలిస్తే 8 అవుతుంది. పేరులో పొరపాటు పడితే బంధువులు నవ్వి ఊరుకుంటారు. వేళలో పొరపాటు పడితే తలంబ్రాలు అయిపోయిన తరువాత వస్తారు.

రాత్రి ముహూర్తాలలో ఈ చిక్కు రెట్టింపు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. గడియారం ప్రకారం అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. బుధవారం రాత్రి 1-25కి ముహూర్తం అంటే క్యాలెండరులో అప్పటికి గురువారం వచ్చేసింది. కార్డులో ఒక్క తేదీ వేసి ఊరుకుంటే దూరపు చుట్టాలు ఒకరోజు ఆలస్యంగా రైలు దిగే ప్రమాదం ఉంది. 'బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం' అని సాదా అక్షరాలలో, కాస్త పెద్దవిగా వేయించడం పాత పద్ధతి. అంతకన్నా మంచి పద్ధతి ఇంతవరకు రాలేదు. అంకెలతో పాటు 'ఒంటిగంట ఇరవై అయిదు నిమిషాలకు' అని మాటలలో కూడా వేస్తే ఏ ఫాంటూ మోసం చేయలేదు.

బోర్డు మీద, ఫోనులో

దుకాణం బోర్డులకు, జాతర ఫ్లెక్సీలకు కూడా ఇదే సూత్రం. చేతిలో పట్టుకుని చదివే కార్డు వేరు, మోటారు సైకిలు మీద పోతూ చూసే బోర్డు వేరు. అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరానికి అనేది బోర్డుల పనిలో వాడే మోటు లెక్క. ఒత్తులు ఉన్న తెలుగుకు ఇంకొంచెం పెద్దదే కావాలి. దుకాణం పేరు అలంకారంగా ఉన్నా, ఏమి అమ్ముతారో సాదాగా ఉండాలి. ఎరువుల కొట్టు బోర్డు చూసి నగల కొట్టు అనుకుంటే ఆ సొగసు వల్ల నష్టమే.

ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టి బోర్డులు రాసిన చిత్రకారులు చాలామందికి పని తగ్గింది. ఏ అక్షరం ఎంత దూరానికి ఆనుతుందో, ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుందో వారి కంటికి తెలుసు. ఉచిత ఫాంటుతో పాటు ఆ కన్ను ఉచితంగా రాదు. ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే డిజైను ఒకసారి చూపించి, చూసిపెట్టినందుకు కాస్త ఇచ్చుకోవడం గౌరవం, లాభం కూడా.

ఇప్పుడు ఫోనులోనే కార్డు తయారుచేసి వాట్సాప్‌లో పంపేవారు పెరిగారు. బొమ్మగా పంపితే వాట్సాప్ దానిని కుదించివేస్తుంది. సన్నని వంపులు మసకబారతాయి. పీడీఎఫ్‌గానో, డాక్యుమెంటుగానో పంపితే అక్షరం ఉన్నది ఉన్నట్లు చేరుతుంది.

ప్రూఫు మీద పెద్దవారి కన్ను

కార్డు వేయించేవారు ప్రెస్సులో అడగవలసినవి ఎక్కువేమీ లేవు. ఈ ఫాంటు వ్యాపారానికి వాడవచ్చా? పాఠం సాదా అక్షరంలో వేస్తారా? అచ్చుకు ముందు అసలు కొలతలో కాగితం మీద ప్రూఫు ఇస్తారా? కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూపించినది ప్రూఫు కాదు. తెర మీద చీమ కూడా ఏనుగులా కనిపిస్తుంది.

ఆ ప్రూఫు కాగితాన్ని ఇంటికి తెచ్చి, పాఠం ముందే తెలిసిన పెళ్లివారు కాకుండా, ఏమీ తెలియని వారి చేత బయటికి చదివించాలి. ఇంట్లో అందరికన్నా పెద్దవారైతే మరీ మంచిది. పేర్లు, వేళ, ఊరు తడుముకోకుండా చదివితే అచ్చుకు ఇవ్వవచ్చు. ఎక్కడ ఆగితే అక్కడ ఫాంటు మార్చాలి. వందల కార్డులు అచ్చయిన తరువాత దిద్దుకోవడం కన్నా, ఒక్క కాగితం మీద దిద్దుకోవడం సులువు.

కవుల పేర్లు పెట్టి కొందరు శ్రమించి ఇచ్చిన అక్షరాలు ఇవి. తలకట్టున ఉంచితే శుభలేఖకు శోభ. ముహూర్తం మాత్రం బామ్మగారు కళ్లజోడుతో ఒక్క చూపులో చదవగలిగే అక్షరంలోనే ఉండాలి.